నేను వాయించని పాట

మా అల్లుడు ఇవాన్ అంటే నాకు మొదటినుంచీ పడదు. ఈ సంగతి అతనికి తెలుసు, మా అమ్మాయి షైనీకి తెలుసు, మదనపల్లె మిషన్ కాంపౌండు వెనక వీధిలో నాలుగిళ్లకూ తెలుసు. కుప్పం పిల్లవాడు. పుంగనూరులో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తాడు. నెమ్మదిగా మాట్లాడతాడు, ఏం చెప్పినా తలూపుతాడు. తప్పు పట్టడానికి ఏమీ దొరకదు, నాకు ఒళ్లుమంట అక్కడే. ముప్పై మూడేళ్లు స్టాఫ్ నర్సుగా చేసినదాన్ని. అన్నింటికీ తలూపే రోగులే మాత్రలు దిండు కింద దాచేవాళ్లు.

ఈ ఏడాది ఈస్టరుకు ముందు వచ్చే నలభై శ్రమ దినాలు మొదలవడానికి వారం ముందు వాళ్లిద్దరూ పుంగనూరులో అద్దె ఇల్లు ఖాళీ చేసి నా ఇంటికి వచ్చారు. షైనీకి ఇక్కడి బడిలో ఉద్యోగం దొరికింది. వచ్చిన మూడో రోజే మా ఆయన గదిలోకి ఒక కంప్యూటరు, ఒక కీబోర్డు, రెండు స్పీకర్లు చేరాయి. శబ్దం గోడలకు కొట్టి తిరిగిరాకూడదట, నా ఉన్ని దుప్పట్లు నాలుగు తీసి మేకులు కొట్టి వేలాడదీశారు. నన్ను అడగలేదని చెప్పను, అడిగారు. సరే అన్నాను. సరే అన్నాక కూడా కోపం తెచ్చుకునే హక్కు నా ఇంట్లో నాకు ఉంది.

ఆ సాయంత్రమే గదిలోంచి పెద్ద పెట్టున వాయిద్యాలు వినిపించాయి. వయొలిన్లే ఒక ముప్పై ఉంటాయి, వాటి కింద బరువుగా ఇంకేవో. తలుపు తోసి చూస్తే అతనొక్కడే కూర్చుని కుడిచేత్తో మెట్లు నొక్కుతున్నాడు.

"ఏం సీడీ ఇది?" అన్నాను.

"సీడీ గాదత్తా. నేనే వాయిస్తాండా. యూరప్‌లో యాడో పెద్ద హాల్లో వాయిద్యగాళ్లను కూసోబెట్టి, ఒక్కో స్వరం రికార్డు చేసి పెట్టినారు. అవన్నీ ఈ డిస్కులో ఉండాయి. నేను యా మెట్టు నొక్కితే ఆ స్వరం పలుకుతాది."

"నువ్వు మదనపల్లెలో కూసోని వాళ్ల చేత ఏం వాయిస్తాండావో వాళ్లకు తెలుసునా?"

"యాల తెలియాలత్తా? స్వరం వాళ్లది, పాట నాది."

అప్పుడు నాకూ నవ్వొచ్చింది. దొరలందరూ మా ఇంటి వెనక గదిలో నోరు మూసుకుని పనిచేస్తున్నారు కదా అనుకున్నాను.

నాకు వయొలిన్ నేర్పింది పాపయ్య మాస్టారు. ఆసుపత్రిలో దుస్తులు ఉతికించే పని చూసేవాడు, కింద కూర్చుని మన పద్ధతిలో వాయించేవాడు. నా పదమూడో ఏటి నుంచి నా చేతిలో ఆ పెట్టె ఉంది. మా ఆయన పోయాక గుడిలో, అంటే మా చర్చిలో, వాయించడం మానేశాను గానీ ఇంట్లో మానలేదు. ఈ మధ్య ఎడమచేతి చిటికెనవేలు బిగుసుకుపోతోంది. కీళ్లవాతం. ఈ ఎండాకాలం దాటాక ఆ వేలు మీద ఆశ పెట్టుకోవద్దని డాక్టరమ్మ చెప్పింది. ఇంట్లో ముగ్గురికీ తెలుసు, ఎవరమూ మాట్లాడుకోలేదు.

భస్మ బుధవారం అయిన మర్నాడు ఇవాన్ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. "ఈ డిస్కులో వయొలిన్లకు మన జారుడు రాదత్తా. మన కీర్తన పెడితే దొరసాని తెలుగు మాట్లాడినట్టు ఉండాది. మీ చెయ్యి కావల్ల."

"పాట వాయించల్లనా?"

"పాట వద్దు. ఒక్కో స్వరం."

పది మధ్యాహ్నాలు ఆ పని జరిగింది. ల్యాబులో పొద్దుటి డ్యూటీ ముగించుకుని అతను రాగానే రెండు గంటలకు మొదలుపెట్టేవాళ్లం, టమోటా లారీల సందడి కొంచెం తగ్గే వేళ. ఫ్యాను ఆపాలి, కిటికీ మూయాలి. దుప్పట్ల మధ్య చెమటతో జాకెట్టు తడిసిపోయేది. ప్రతి స్వరం మెల్లగా, మామూలుగా, గట్టిగా. తర్వాత పొడుగ్గా, పొట్టిగా. తర్వాత కింది స్వరం నుంచి జారుతూ, పైనుంచి దిగుతూ. ఒక్కోటి మూడేసి సార్లు. మధ్యలో లారీ హారన్ పడితే మళ్లీ మొదలు.

"ఒకసారి సరిగ్గా వాయిస్తే సాలదా?" అన్నాను రెండో రోజే.

"ఒకే శబ్దం మళ్లీ మళ్లీ వస్తే మిషనని కనిపెట్టేస్తారత్తా. మనిషి ఒక స్వరాన్ని రెండుసార్లు ఒకే మాదిరిగా వాయించలేడు గదా. ఆ తేడానే నాకు కావల్ల."

అతని నోటి నుంచి వచ్చిన మాటల్లో నాకు నచ్చిన మొదటి మాట అది. ఆ పది రోజులూ అతని మీద నాకు కోపం రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, ఆ పని నాకు నచ్చింది. వేలు ఆడకపోయే రోజు వస్తుంది, వచ్చినా నా చెయ్యి ఎక్కడో ఒకచోట మిగిలి ఉంటుందని సంబరపడ్డాను. రాత్రి అన్నం దగ్గర అతనికి ఇంకో కోడిగుడ్డు వేశాను. షైనీ నన్నే చూస్తూ కూర్చుంది.

మార్చి నెల మధ్యలో ఒకరోజు నన్ను పిలిచి స్పీకర్ల ముందు కుర్చీ వేశాడు. మా ఆయన నెహెమ్యా ఆసుపత్రిలో కాంపౌండరు. సాయంత్రం మందుల గది కిటికీలు మూసేటప్పుడు ఈలతో ఒక వరస అనేవాడు, తనే కట్టుకున్నది, మాటలు లేవు. షైనీ ఇంట్లో దాన్ని అనుకుంటుంటే ఇవాన్ పట్టుకున్నాడు. దాన్ని నా వయొలిన్‌తో పలికించి, కింద అరవైమంది దొరలనూ నిలబెట్టాడు. కంప్యూటరులో దాని పేరు 'మామ' అని రాసి ఉంది. బతికున్నన్నాళ్లూ చిన్న గదిలో సీసాలు సర్దిన మనిషి ఈల, కొండంత శబ్దమై గది నిండా లేచింది. చివరికి "ఆ డోలు కొంచెం తగ్గించు" అన్నాను. తగ్గించాడు. వంటింట్లోకి వచ్చి తాలింపు మాడిపోయేదాకా ఏడ్చాను.

నాలుగు రోజుల తర్వాత మొదలైంది అసలు కథ. ఇవాన్ టీ తాగుతూ, గ్లాసులోకి చూస్తూ అన్నాడు. "జయచంద్ర సార్ ఒక పాట రాసినాడత్తా. వాళ్లమ్మ పోయినప్పుడు. భూస్థాపన కాడ పాడే పాట. నన్ను సంగీతం చేయమన్నాడు. మీరు వయొలిన్ వాయిస్తే…"

జయచంద్ర మా గుడి కమిటీ సెక్రటరీ. ఎనిమిదేళ్ల కింద మా ఆయన కమిటీ ఎన్నికల్లో ఆయనకు ఎదురుగా నిలబడి ఓడిపోయాడు. ఆ ఏడాదే కిడ్నీలు పాడై మంచం పట్టాడు. మా ఆయన పోయిన రోజు కాంపౌండు సమాధుల తోటలో చోటు కోసం ఉత్తరం అడిగితే, జయచంద్ర రిజిస్టరు తెరిచి చూపించాడు. మూడు నెలలు వరసగా గుడిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభురాత్రి భోజనానికి రాలేదట, అందుకని సంఘస్తుల పట్టీలో పేరు కొట్టేశారట. మంచం మీద మనిషి గుడికి ఎలా వస్తాడు? నా తల్లి, తండ్రి, పాపయ్య మాస్టారు అందరూ ఆ తోటలోనే ఉన్నారు. మా ఆయనను మాత్రం వ్యానులో కురబలకోట తీసుకెళ్లి వాళ్ల చెల్లెలి చేని గట్టున పెట్టాం. ఆ ఆదివారం నుంచి నేను ఇంటి ఎదురుగా ఉన్న గుడి దాటుకుని, బస్సెక్కి పుంగనూరు గుడికి పోతున్నాను.

"ఆ మనిషి పాటకు నా కమాను కదలదు" అన్నాను. "ఇంగోసారి ఆ పేరు ఈ ఇంట్లో ఎత్తద్దు."

"సరే అత్తా" అని ఇవాన్ తలూపాడు.

ఈస్టరుకు వారం ముందు, మట్టల ఆదివారం నాడు పుంగనూరు నుంచి వచ్చి, తిని, వరండాలో చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నాను. గేటు చప్పుడైంది. చూస్తే జయచంద్ర. తెల్ల చొక్కా, జిప్పు కవరులో బైబిలు. ఎనిమిదేళ్లలో మా గడప తొక్కడం అదే మొదలు.

"వందనాలు రెజీనమ్మా."

వందనాలకు వందనాలు చెప్పకపోవడం మా వాళ్లలో లేదు. నేను చెప్పలేదు. గింజ తీసి పళ్లెంలో వేశాను.

"పొద్దున గుడిలో పాట పెట్టినామమ్మా. మీ వయొలిన్ వచ్చిన కాడ ఒక్కరి కండ్లూ ఆరలా. మా యమ్మ గుర్తుకొచ్చి నేనైతే నిలబడలేకపోయినా. దేవుడు మీ మనసు మార్చినాడు. ఆ మాట చెప్పిపోదామని వచ్చినా."

ఏం పాట, ఏం వయొలిన్ అని నేను అడిగేలోపే ఆయన ఫోను తీసి నొక్కాడు.

నాకు తెలియకుండా పోతుందా? రెండో తీగ మీద పైనుంచి దిగే ఆ జారుడు పాపయ్య మాస్టారు నా వేలు పట్టుకుని నేర్పించింది. మదనపల్లెలో ఇంకొకరికి రాదు. మూడేసి సార్లు వాయించిన ఆ స్వరాలన్నీ, ఆ పది మధ్యాహ్నాల చెమటంతా, ఆ మనిషి మాటల వెనక నిలబడి ఏడుస్తున్నాయి. పాట బాగుంది. బాగాలేకపోయి ఉంటే నాకు ఇంత కడుపు రగిలేది కాదు. సమాధిలో విశ్రాంతి గురించి రాశాడు, మా ఆయనకు ఆరడుగుల చోటు ఇవ్వని మనిషి.

"నేను వాయించలా" అన్నాను.

"వినయం మంచిదేనమ్మా."

"వినయం గాదు జయచంద్రా. నేను వాయించలేదంటాండా."

అలా పేరు పెట్టి పిలిచేసరికి ఆయన మొహం మారింది. ఫోను వైపు, నా వైపు చూశాడు. "మరి ఇది ఎవురి చెయ్యమ్మా?" అని అడిగాడు. వెక్కిరింపు లేదు, నిజంగానే అడిగాడు.

"ఆ దినం జరిగింది మనసులో పెట్టుకోవద్దండమ్మా" అన్నాడు లేస్తూ. "రిజిస్టరు ప్రకారం చేసినాము. శుభ శుక్రవారం గుడికి రాండి. ముందు వరసలో కూసోబెడతాము."

గేటు వేసిన చప్పుడు వినేదాకా ఆగాను. వెనక్కి తిరిగితే ఇవాన్ గుమ్మంలో ఉన్నాడు. అంతా విన్నాడు.

"యాల చేసినావు?"

"పాట మంచిదత్తా."

"నేను వాయించనన్నానా లేదా?"

"అన్నారు. మీరు వాయించలేదు గదా. మెట్ల మీద నేను వాయించినా."

"ఆ స్వరాలు నావి."

"మీరే ఇచ్చినారు."

"నీకిచ్చినా. ఆయప్పకు గాదు. నేను వద్దన్న పాటకు నా చెయ్యి పట్టుకోని వాయించినావు గదరా."

అల్లుణ్ని 'రా' అనడం అదే మొదటిసారి. షైనీ లోపలి నుంచి వచ్చింది, దాని మొహమూ ఎర్రగానే ఉంది. "ఎనిమిదేండ్లాయమ్మా. ఇంటి ఎదురుగా గుడి పెట్టుకోని బస్సెక్కి పుంగనూరు పోతావు. ఇంగెన్నాళ్లు?"

"మీ నాయన యాడ పండుకోనుండాడో మర్సిపోయినావా?"

"నేనేం మర్సిపోలా. నెలకోసారి పోయి పూలు పెట్టొస్తాండా. నువ్వే ఆ గట్టు మీద కాలు పెట్టలా."

అది నిజం. ఆయన అక్కడ ఉన్నాడని ఒప్పుకున్నట్టు అవుతుందని నేను ఒక్కసారీ పోలేదు. నిజాన్ని మొహం మీద కొట్టినందుకు దాని మీద కూడా మండిపోయాను.

"పాట తీసెయ్" అన్నాను ఇవాన్‌తో.

"నా చేతిలో లేదత్తా. ఆయన యూట్యూబ్ చానల్లో ఉండాది, ఊర్లో అందరి ఫోన్లలో ఉండాది. నా కాడుండేది మీ స్వరాలే."

"అయితే అవి తీసెయ్. ఇప్పుడే, నేను సూస్తాండంగానే."

గదిలోకి వెళ్లాం. ఫ్యాను ఆగి ఉంది, ఎవరూ వేయలేదు. తెర మీద వరసగా పేర్లు, ఒక్కో స్వరానికీ మూడేసి. అతను వాటన్నింటినీ పట్టి, వేలు ఆపి నా వైపు తిరిగాడు.

"మామ పాట వీటి మీదే నిలబడుండాదత్తా. దాన్ని ఇంకా విడి రికార్డుగా తీసి పెట్టలేదు. ఇవి పోతే అది పలకదు. దాన్ని తీసి పెట్టుకునేకి పది నిమిషాలు ఇయ్యండి."

ఇవ్వగలిగేదాన్ని. పది నిమిషాలు ఏమంత? కానీ ఆ నిమిషంలో నాకు కావలసింది అతను బతిమాలడం కాదు, అతనికి నొప్పి కలగడం.

"అన్నీ అంటే అన్నీ."

"అమ్మా" అంది షైనీ.

"ఇంగో కాపీ ఉండాదా?" అని అడిగాను. నర్సు బుద్ధి, దిండు కింద కూడా వెతుకుతుంది.

దాచి ఉంటే నాకు తెలిసేది కాదు. అతనే అలమరలోంచి ఇంకో డిస్కు తెచ్చి తగిలించి, అందులోవి కూడా చెరిపేశాడు. పది మధ్యాహ్నాల పని టీ కాగేంతలో అయిపోయింది. తర్వాత లేచి నిలబడి, అదే నెమ్మదైన గొంతుతో అన్నాడు. "మీకు జయచంద్ర సార్ మీద కోపం అత్తా. తీర్చుకునింది మామ మీద."

ఆ శుక్రవారం వాళ్లిద్దరూ ఎదురు గుడికి, నేను పుంగనూరుకు. ఈస్టరు పండగ వెళ్లిన పదో రోజు వాళ్లు నక్కలదిన్నె వైపు అద్దె ఇల్లు చూసుకున్నారు. వెళ్లేటప్పుడు ఇవాన్ మేకులన్నీ పీకి, దుప్పట్లు దులిపి, మడతపెట్టి మంచం మీద పెట్టాడు. షైనీ నాతో చెప్పకుండానే ఆటో ఎక్కింది.

ఆ సాయంత్రం వయొలిన్ తీశాను. మా ఆయన ఈల వరస వాయిద్దామని. మూడు వేళ్లతో సగం దూరం పోయాను. చిటికెనవేలు తీగ దాకా వచ్చి ఆగింది, కిందికి నొక్కితే మోచేతి దాకా నొప్పి. వేడినీళ్లలో పెట్టి మళ్లీ చూశాను. మర్నాడు చూశాను. వారం చూశాను. తర్వాత పెట్టె మూసి బీరువా మీద పెట్టేశాను. ఇవాన్‌కు ఫోను చేసి ఏమైనా మిగిలిందా అని అడగాలని రెండుసార్లు అనిపించింది. మిగల్లేదని నాకు తెలుసు, దగ్గరుండి చూసినదాన్ని నేనే.

పాట మాత్రం ఆగలేదు. ఏప్రిల్, మే ఎండలకు ముసలివాళ్లు వరసగా రాలిపోయారు. ఎవరు పోయినా ఆ పాటే. శవాన్ని తీసుకెళ్లే వ్యాను మైకులో అదే, సమాధి దగ్గర అదే. పక్కింటి సుభద్రమ్మ కాయగూరలు కొంటూ అంది. "ఎంత బాగా వాయించినావు రెజీనా. మా అన్న పోయినప్పుడు అది పెడితేనే నాకు ఏడుపొచ్చింది."

"నేను వాయించలా" అన్నాను. అందరికీ అదే చెప్పాను. మందుల షాపులో చెప్పాను, బస్టాండులో చెప్పాను. ఎవరూ నమ్మలేదు. ముసలామెకు జయచంద్రతో కలిశానని ఒప్పుకోవడానికి నామోషీ అనుకున్నారు.

మే నెలాఖరున సదుం నుంచి కబురొచ్చింది. రాములమ్మ మొగుడు పోయాడు. రాములమ్మ నా వార్డులో ఇరవై ఏళ్లు ఆయాగా చేసింది, మేమిద్దరం కలిసి ఎన్ని శవాలకు ముక్కుల్లో దూది పెట్టామో లెక్కలేదు. వెళ్లేసరికి పన్నెండైంది. ఊరి బయట గుట్ట పక్కన గుంట తవ్వారు. పాస్టరు ప్రార్థన అయ్యాక, రాములమ్మ కొడుకు మునికుమార్ ఫోనును మైకు దగ్గర పెట్టి ఆ పాట పెట్టాడు.

శవపెట్టెను గుంటలోకి దించుతున్నారు. నేను మట్టి వైపు చూస్తూ నిలబడ్డాను. రాములమ్మ నా పక్కకు వచ్చి నా ఎడమచెయ్యి పట్టుకుంది, ఆ బిగుసుకున్న వేలితో సహా.

"సిస్టరమ్మా, ఈ ఫిడేలు నీదేనంట గదా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నా వైపు తిరిగారు. జవాబు నోటి దాకా వచ్చే ఉంది, రెండు నెలలుగా చెబుతున్నదే. మా ఆయన ఈల లేదు. నా స్వరాలు లేవు, వేలు లేదు. పాపయ్య మాస్టారి జారుడు ఈ భూమి మీద ఎక్కడైనా ఉందంటే, అది ఆ మైకులో ఉంది. కాదని నేనంటే అది ఇక ఎవరిదీ కాదు.

"నాదే" అన్నాను.

రాములమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "మీ అన్నకు ఇంగొకసారి ఇనిపిస్తా" అని గుంటలోని మొగుణ్ని చూపించి కొడుకు వైపు తిరిగింది. "మునీ, మళ్లీ మొదట్నించి పెట్టప్పా."

మునికుమార్ మళ్లీ మొదటినుంచి పెట్టాడు. ఆ పాటకు ముందు రాసినవాళ్ల పేరు చెబుతారు. జయచంద్ర పేరు మైకులో గుట్ట దాకా వినిపించింది. అది అయ్యేదాకా నేను కదలకుండా నిలబడ్డాను. తర్వాత నా వయొలిన్ మొదలైంది.